ఉపదేశి చెయ్యకూడనివి

ఉలిగప్ప ఉపదేశిని ఆ కాలనీలో ఉపదేశి అని పిలిచేవాళ్లు ఇద్దరే ఇద్దరు. ఒకరు నెలకోసారి కృష్ణ దాటి వచ్చే పాస్టరుగారు, ఇంకొకరు ఉలిగప్ప భార్య అయ్యమ్మ. పాస్టరుగారు అలా పిలిచారంటే ఏదో పని చెప్పబోతున్నారని అర్థం. అయ్యమ్మ పిలిచిందంటే దెప్పబోతోందని అర్థం. మిగతా కాలనీ అంతా ఆయన్ని అయ్యగారూ అనే అనేది.

ఇందులో కాలనీవాళ్ల తప్పు లేదు. పవర్ స్టేషన్ కట్టేటప్పుడు గుంటూరు నుంచి, బెజవాడ నుంచి, పాలమూరు నుంచి ఉద్యోగాలకు వచ్చి క్వార్టర్లలో స్థిరపడ్డవాళ్లు. బైబిలు పట్టుకుని ముందు నిలబడ్డ ప్రతి మనిషీ వాళ్లకు అయ్యగారే. మిషన్ పద్ధతి అది కాదు. బిషప్పుగారు తల మీద చేతులుంచి అభిషేకం చేసినవాడే సంఘకాపరి. బాప్తిస్మం ఇచ్చేది ఆయన, బల్ల దగ్గర ప్రభు భోజనం పంచేది ఆయన, పెళ్లిళ్లు చేసేది ఆయన. ఉపదేశి అంటే కాపరి రాని ఆదివారాల్లో వాక్యం చదివి నాలుగు మాటలు చెప్పేవాడు. జబ్బుపడ్డవాళ్ల మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేసేవాడు. పిల్లలకు పాటలు నేర్పేవాడు. తెల్లవారగానే గుడి తాళం తీసి, రాత్రంతా చిమ్నీ నుంచి రాలిన బూడిదను బెంచీల మీంచి తుడిచేవాడు కూడా ఆయనే. బల్ల ఆదివారం నాడు రొట్టెను ముక్కలుగా కోసి పళ్లెంలో పేర్చేది ఉపదేశి. ఆ పళ్లెం ఎత్తి పంచే చెయ్యి మాత్రం వేరొకరిది.

ఉలిగప్ప ఈ పని ముప్పై ఎనిమిదేళ్లు చేశాడు. మొదట అరకేర వైపు పల్లెల్లో సైకిలు మీద తిరిగాడు, తర్వాత కాలనీకి వచ్చాడు. అభిషేకానికి ఆయన పేరు మూడుసార్లు పైకి వెళ్లింది, మూడుసార్లూ తిరిగి వచ్చింది. ఏడో తరగతి చదువు చాలదన్నారు. మూడోసారి తిరిగొచ్చిన రోజున అయ్యమ్మ జొన్నరొట్టె, పుండికూర పళ్లెం ముందు పెట్టి, "తిను ఉపదేశీ, రొట్టెకు సదువుతోని పనిలేదు" అంది. ఆయన తిన్నాడు గానీ, ఆ రొట్టె ఇప్పటికీ గొంతులోనే ఉంది.

అలాంటి మనిషిని ఎవరైనా అయ్యగారూ అంటే ఎందుకు కాదంటాడు? మొదట్లో కాదన్నాడు. "నేను అయ్యగారిని గాదు నాయనా, ఉపదేశిని" అనేవాడు. వాళ్లు నవ్వి, "ఏదో ఒకటి లెండి అయ్యగారూ" అనేవాళ్లు. పోనుపోను చెప్పడం మానేశాడు. ఆ తర్వాత ఆ పిలుపు కోసమే సాయంత్రాలు నాలుగు ఇళ్లు ఎక్కువ తిరిగేవాడు. ఈ సంగతి అయ్యమ్మకు తెలుసు. తెలిసీ ఊరుకునేది, ముసలివాడికి అంతకన్నా వ్యసనం లేదు గదా అని.

రెండువేల తొమ్మిదిలో కృష్ణ పొంగిన వారంలో హిమబిందు పెళ్లి పడింది.

హిమబిందు తండ్రి ఏసుపాదం సిరవార దగ్గర కాలువ కింది క్యాంపులో, అంటే ఆంధ్ర నుంచి వలస వచ్చినవాళ్లు కట్టుకున్న ఊళ్లో, వరి పండించే రైతు. పెళ్లికొడుకు రాజరత్నం పవర్ స్టేషన్‌లో టెక్నీషియన్. పెళ్లి కాలనీ గుడిలో. క్యాంపువాళ్లు రెండు ట్రాక్టర్లలో వానలో తడిసి ముద్దై వచ్చారు. గుడి వెనక డేక్షాలు పొయ్యి మీదున్నాయి. పదింటికి అవతలి ఒడ్డు నుంచి పాస్టరుగారి ఫోను వచ్చింది.

"ఉపదేశీ, బ్రిడ్జి మీద పోలీసోళ్లు నిలబడ్డరు. ఎవ్వర్నీ రానిస్తలేరు. నువ్వు ప్రార్థన చేసి అందరికి అన్నాలు పెట్టియ్యి. ప్రమాణాలు, తాళి నేనొచ్చినంక. తొందరపడకు."

ఆ మాటే ఏసుపాదానికి చెప్పాడు ఉలిగప్ప. ఏసుపాదం తల మీది తువ్వాలు పిండుకుంటూ అలాగే నిలబడిపోయాడు.

"అదేంటండీ అయ్యగారూ! తమరు ఇక్కడుండగా ఇంకెవరో రావడమేంటి? పిల్ల ముసుగేసుకుని కూర్చుంది. ఇవాళ తప్పితే మళ్లీ కోతలయ్యేదాకా మాకు ఊపిరాడదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదని, మీరే అడ్డం పడితే మేం ఎవరికి చెప్పుకోవాలండీ?"

నేను ఉపదేశిని, నాకు పెళ్లి చేసే అధికారం లేదు. చెప్పాల్సింది ఈ ఒక్క మాటే. అది నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అంతలో ఎవరో లోపలి గదిలో చిలక్కొయ్యకు వేలాడుతున్న పాస్టరుగారి తెల్ల అంగీ తెచ్చి ఆయన భుజాల మీద వేశారు. అంగీ పొడుగైంది, కింద అంచు నేలను ఊడ్చింది. అయ్యమ్మ గుమ్మం దగ్గర ఆపింది.

"ఇప్పు," అంది, మెల్లగానే. "గా అంగీ నీది గాదు."

"వానల వచ్చిన్రు. ఎట్ల పంపాలె?"

"అన్నం పెట్టి పంపు."

ఆయన విప్పలేదు. ఒక చేత్తో అంగీ అంచు ఎత్తి పట్టుకుని లోపలికి వెళ్లాడు. ప్రమాణాలు చేయించాడు, రాజరత్నం తాళి కడుతుంటే చెయ్యెత్తి ఆశీర్వదించాడు. ఫొటోగ్రాఫరు సరిగ్గా అప్పుడే ఫొటో తీశాడు. ఆ రోజు తన గొంతు ఎంత బాగా పలికిందో ఉలిగప్పకు ఇప్పటికీ జ్ఞాపకమే. తన జన్మలో అంత సంతోషపడ్డ రోజు మరొకటి లేదు, అబద్ధమెందుకు.

నీళ్లు తీశాక పాస్టరుగారు వచ్చి, "పెండ్లి పిల్లలెక్కడ?" అని అడిగారు. పిల్ల పుట్టింటికి పోయిందనీ, వచ్చాక పిలిపిస్తాననీ ఉలిగప్ప చెప్పాడు. అది అబద్ధం కాదు, కొత్త జంట అప్పుడు క్యాంపులోనే ఉన్నారు. కానీ వచ్చాక పిలవలేదు. ఏమని పిలుస్తాడు? మీకు జరిగింది పెళ్లి కాదు, మళ్లీ చేసుకోండి అనా? క్రిస్మస్‌కు ముందు ఆ పాస్టరుగారికి బదిలీ అయింది, రెండేళ్లకు పరలోకానికీ బదిలీ అయింది. కొత్తాయన పాత సంగతులు అడగలేదు. క్వార్టరు కోసం రాజరత్నానికి పెళ్లి సర్టిఫికెట్టు కావలసి వస్తే సంఘం సెక్రటరీ అచ్చు కాగితం మీద సంఘకాపరి ముద్ర కొట్టి తెచ్చాడు. ఆ ముద్ర మీదే ఉలిగప్ప సంతకం చేశాడు. అడుసు ఒకసారి తొక్కాక రెండో అడుగుకు ఆలోచన ఉండదు.

ఎనిమిదేళ్లు గడిచాయి. వాళ్లకు ప్రవల్లిక పుట్టింది. రాజరత్నం కామెర్లతో పదిహేను రోజులు మంచాన పడి, జనవరిలో పోయాడు.

చనిపోయిన ఉద్యోగి భార్యకు ఉద్యోగం ఇస్తారు. ఏడాదిలోపు అర్జీ పెట్టుకుని, కావలసిన కాగితాలన్నీ ఇవ్వాలి. హిమబిందు పెట్టుకుంది. పది చదివింది, ఆఫీసులో ఏదో ఒక చిన్న పని దొరికితే క్వార్టరు నిలుస్తుంది, పిల్ల బడి నిలుస్తుంది. అంతవరకూ దారి తిన్నగానే ఉంది. అప్పుడు రాజరత్నం తమ్ముడు ఆఫీసుకు ఒక కాగితం పంపాడు. అన్న పెళ్లి చేసింది పాస్టరు కాదు, ఉపదేశి అనేవాడు, ఆ పెళ్లి చెల్లదు, కనుక ఉద్యోగం తమ్ముణ్నైన నాకు రావాలి అని. ఇన్నాళ్లూ ఎవరికీ పట్టని ఆ మాట వెతికి పట్టుకున్నది దాని అర్థం నిజంగా అవసరమైనవాడే.

ఆఫీసువాళ్లు ఉలిగప్పను వచ్చి వాంగ్మూలం ఇమ్మన్నారు.

ముందు రోజు సాయంత్రం హిమబిందు వచ్చింది. తెల్ల చీరలో ఇంకా చిన్నపిల్లలాగే ఉంది. గుమ్మంలోనే నిలబడి, "అయ్యగారూ, రేపు మీరొక్కమాట చెబితే చాలండి," అంది. అంతకు మించి ఏమీ అడగలేదు. ఆ ఒక్కమాట ఏమిటో కూడా చెప్పలేదు.

ఆమె వెళ్లాక ఉలిగప్ప గోడకు ఆనుకుని చాలాసేపు కూర్చున్నాడు. డెబ్బై దాటాయి, మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. ఈ మధ్య ప్రార్థనలో కళ్లు మూస్తే నేలను ఊడ్చే ఆ అంగీ అంచే కనబడుతోంది. దేవుడు మొదట అడిగేది దాని గురించేనని ఆయనకు గట్టి నమ్మకం.

"ఏమని చెప్తవు?" అయ్యమ్మ అడిగింది.

"నిజం చెప్పాలె గదా."

"నిజం చెప్పే కాలంల మూటగట్టి అటక మీద పెట్టినవు. ఇప్పుడు దించుతవా? దించితే ఎవరి నెత్తిన పడుతదో జర సూడు." అన్నం పళ్లెం ఆయన ముందుకు జరిపి మళ్లీ అంది. "రేపు నీ సంగతి మర్సిపో. గా పిల్ల సంగతి సూడు."

ఆయన ఊఁ అన్నాడు. ఊఁ అన్నది విన్నానని, ఒప్పుకున్నానని కాదు.

ఆఫీసులో ఫైలు చూసేది మహదేవప్ప అనే పెద్ద క్లర్కు. మాన్వి ఊరివాడు, మీసాలు నెరిశాయి, వచ్చే ఏడు రిటైరవుతాడు. ఎదురుగా బెంచీ మీద హిమబిందు, పక్కనే ఉలిగప్ప కూర్చున్నారు. మహదేవప్ప పెళ్లి ఫొటో తీసి బల్ల మీద పెట్టాడు.

"కూసోప్పా, భయపడకు. గీ తమ్ముడు ఏదో రాసిండు. నీవు పాస్టర్ గాదంట, ఉపదేశి అంట. నాకైతే గిది తెల్వదు. ఫొటోల పాస్టర్ అంగీ ఉన్నది. సర్టిఫికెట్ల పాస్టర్ ముద్ర ఉన్నది. గీ కాలనీల ఎవర్ని అడిగినా నిన్ను అయ్యగారు అనే అంటున్నరు. నేనే పదిమందిని అడిగిన." అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మా మఠంల స్వాములున్నరు. ఒకరు అప్ప అంటరు, ఒకరు అజ్జ అంటరు. మనిషి ఒకడే. ఉపదేశి అన్నా పాస్టర్ అన్నా అసొంటిదే అని రాసుకుంట. ఫైలు ఈడనే మూస్త. హౌదా?"

హౌదు, అవును అనే ఒక్కమాట సరిపోయేది. ఆ మాట పలకడానికి అభిషేకం అక్కర్లేదు. తల ఊపినా మహదేవప్ప రాసుకునేవాడే, అందుకు కలం మూత తీసి సిద్ధంగా పట్టుకున్నాడు. బల్ల కింద హిమబిందు చీర కొంగును వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది.

ఉలిగప్ప కళ్లు ఫొటో మీద ఉన్నాయి. అందులో తెల్ల అంగీలో నిలబడ్డవాడు గుండెలు విరుచుకుని చెయ్యెత్తాడు. ఎనిమిదేళ్లుగా లోపల ముల్లులా ఉన్నది ఇవాళ తీసేసే అవకాశం వచ్చిందనిపించింది. దేవుడే ఈ బల్ల ముందు కూర్చోబెట్టి అడిగిస్తున్నాడనిపించింది.

"గాదు సార్," అన్నాడు. "వేరు."

మహదేవప్ప కలం ఆగింది.

"కాపరి అంటే బిషప్పుగారు తల మీద చేతులుంచి అభిషేకం చేసినోడు. ఉపదేశి అంటే వాక్యం చెప్పేటోడు, గంతే. ఉపదేశి బాప్తిస్మం ఇయ్యొద్దు. బల్ల ఇయ్యొద్దు. పెండ్లి చెయ్యొద్దు. ఆశీర్వాదానికి చెయ్యి గూడ ఎత్తొద్దు. నేను ఉపదేశిని సార్. వద్దని తెలిసే చేసిన. గా అంగీ నాది గాదు. గా ముద్ర నాది గాదు."

ఆయన గొంతు పెళ్లినాడు పలికినంత బాగా పలికింది. చెబుతున్నకొద్దీ గుండెల మీంచి బండ దిగుతున్నట్టుంది. ఇంకా ఏమైనా ఉందా అని వెతికి వెతికి, పాస్టరుగారి ఫోను సంగతి, తొందరపడకని ఆయన చెప్పిన సంగతి కూడా చెప్పేశాడు.

మహదేవప్ప కలానికి మూత పెట్టాడు.

"నిన్ను గిదంతా అడిగిన్నాప్పా నేను?" అన్నాడు. కోపంగా కాదు, అలసిపోయినట్టుగా. తర్వాత హిమబిందు వైపు తిరిగి, "నోడమ్మా, సూడు, ఇగ నా చేతుల లేదు. చెప్పింది రాసుకోవాలె. కోర్టుకు పోయి, భార్యవని ఆర్డరు తెచ్చుకో. తెచ్చినప్పుడు సూద్దం," అన్నాడు. కోర్టు సంగతి ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు. అక్కడ ఏళ్లు పడుతుంది, కాగితాలు ఇవ్వడానికి మిగిలిన గడువు ఆరు నెలలు.

అప్పటిగ్గానీ ఉలిగప్ప పక్కకు తిరిగి చూడలేదు. హిమబిందు ఏడవడం లేదు. కొంగును వేలికి చుట్టడం ఆపేసింది.

బయట ఆఫీసు మెట్ల మీద ఎండకు బూడిద తెల్లగా పరుచుకుని ఉంది. బొగ్గు వ్యాగన్లు ఒకదానికొకటి తగులుకుంటూ లోపలికి పోతున్న చప్పుడు. ఆమె నాలుగు మెట్లు దిగి ఆగింది.

"దేవుని ముందల మీది పెండ్లే అమ్మా," అన్నాడు ఉలిగప్ప వెనక నుంచి. "నేను ఏడ చెప్పమన్నా చెప్త."

"దేవుడు క్వార్టరు ఇవ్వడు కదండీ."

"అబద్ధం ఎట్ల చెప్పాలె తల్లీ? రేపో మాపో పైకి పోయేటోన్ని."

ఆమె వెనక్కి తిరిగింది.

"ఆ రోజు అయ్యగారనిపించుకోవాలని నోరు మూసుకున్నారు. ఇవాళ మంచివారనిపించుకోవాలని నోరు తెరిచారు. రెండుసార్లూ మీ ఎదురుగా కూర్చున్నది నేనేనండి. ఒక్కసారైనా నా వంక చూశారా మీరు?"

ఆమె జవాబు కోసం నిలబడలేదు. బడి వదిలే వేళైంది, పిల్లను తీసుకురావడానికి వెళ్లిపోయింది. దిగిపోయిందనుకున్న బండ ఎక్కడికీ పోలేదనీ, చోటు మారిందంతేననీ ఆయనకు ఆ మెట్ల మీద తెలిసింది.

ఉలిగప్ప కొత్త పాస్టరుగారి దగ్గరా ఒప్పుకున్నాడు. శిక్ష వేస్తారనుకున్నాడు, తాళాలు లాక్కుంటారనుకున్నాడు. కోరుకున్నాడు కూడా. పాస్టరుగారు ఫోను చూసుకుంటూ, "పాత సంగతి, ఇప్పుడెందుకు? పెద్దవారు, పొరపాటు మానవ సహజం," అని భుజం తట్టి వెళ్లిపోయారు. మిషన్ నుంచి ఒక్క ఉత్తరమైనా రాలేదు. ఉపదేశి తప్పుకు ఉపదేశికి ఏమీ కాలేదు. అయ్యమ్మ ఆయనతో నాలుగు రోజులు మాట్లాడలేదు. అయిదో రోజు అన్నం పెట్టి, "నేను సెప్పిన," అంది. ఆ రెండు మాటలే.

నెలాఖరుకు క్వార్టరు ఖాళీ చెయ్యమని నోటీసు వచ్చింది.

సిరవార నుంచి ఏసుపాదం ట్రాక్టరు తెచ్చాడు, పెళ్లికి వచ్చిన వాటిలో ఒకటే. సామాను పెద్దగా లేదు. రెండు మంచాలు, ఇనప్పెట్టె, గ్యాసు పొయ్యి, ప్రవల్లిక చిన్న సైకిలు. ఉలిగప్ప తన చేతనైనంతలో గిన్నెల గోనె మోయబోయాడు. హిమబిందు దాన్ని ఆయన చేతుల్లోంచి తీసుకుని తానే ఎక్కించింది. వద్దని అనలేదు, విసురుగా లాక్కోనూలేదు. దారిలో అడ్డున్న కుర్చీని పక్కకు జరిపినట్టు జరిపింది.

కాలనీలో ఒక వాడుక ఉంది. క్రైస్తవుల కుటుంబం ఏదైనా క్వార్టరు విడిచి పోతుంటే, తాళం వేసే ముందు అందరూ గుమ్మంలో నిలబడతారు, అయ్యగారు ఒక ప్రార్థన చేస్తారు. పాస్టరుగారు మొదటి ఆదివారం తప్ప రారు కాబట్టి ముప్పై ఏళ్లుగా ఆ ప్రార్థన చేసింది ఉలిగప్పే. బదిలీ మీద పోయినవాళ్లకు చేశాడు, రిటైరై పోయినవాళ్లకు చేశాడు.

ఏసుపాదానికి ఆఫీసులో ఏం జరిగిందో పూర్తిగా తెలియదు. తమ్ముడి కాగితం వల్ల పని చెడిందనే ఆయన అనుకుంటున్నాడు. తల మీది తువ్వాలు తీసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏదండీ అయ్యగారూ, ఒక్క ప్రార్థన చేసి పంపండి. మా పిల్ల పెళ్లి చేసిన చెయ్యి. తమరి నోటి మాట చాలు."

ఉలిగప్ప గుమ్మం దాకా వచ్చాడు. కళ్లు మూసుకోబోయి, హిమబిందు వంక చూశాడు. ఈసారి చూశాడు.

ఆమె తాళంచెవి బొడ్లో దోపుకుంటోంది. "ఆయన అయ్యగారు కాదు నాన్నా," అంది. "ఉపదేశి."

ఆ మాటలో తప్పేమీ లేదు. మిషన్ పుస్తకంలో ఎలా ఉందో అలాగే, సరిగ్గా వాడింది. ముప్పై ఏళ్లలో ఆ కాలనీలో ఆ పేరును సరిగ్గా వాడిన మూడో మనిషి ఆమె.

"ఉపదేశి అంటే ఏంటమ్మా?" ప్రవల్లిక అడిగింది.

"ఏమేం చెయ్యకూడదో అన్నీ తెలిసినాయన," అంది హిమబిందు. పిల్లను ఎత్తి ఇనప్పెట్టె మీద కూర్చోబెట్టి, తానూ ఎక్కింది. ఏసుపాదం అర్థం కాక ఒకసారి ఈయన్నీ, ఒకసారి కూతుర్నీ చూశాడు. తువ్వాలు మళ్లీ తలకు చుట్టుకుని ట్రాక్టరు ఎక్కాడు.

ప్రార్థన ఒక్కటి ఉపదేశి చెయ్యవచ్చు. చెయ్యకూడనివాటిలో అది ఎన్నడూ లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఉలిగప్ప చేతులు జోడించుకుని, వాళ్లు ఇంకొక్కసారి అడుగుతారేమోనని గుమ్మంలో నిలబడ్డాడు. ట్రాక్టరు కాలనీ గేటు దాటి మలుపు తిరిగేదాకా ఎవరూ అడగలేదు.